ఎర్ర దీపం తీసేయించిన హవల్దారు: సైనిక వైద్య పరికరాల పోటీకి వెళ్లిన ఒక విద్యార్థి బృందంపై కేస్ స్టడీ

నేను పదకొండేళ్లు ఆసుపత్రుల్లో పరికరాల మరమ్మతు చూసిన బయోమెడికల్ ఇంజనీరును. ఆరేళ్లుగా భీమవరం దగ్గర ఒక ఇంజనీరింగ్ కళాశాలలో పాఠాలు చెబుతూ, విద్యార్థి బృందాలను పోటీలకు సిద్ధం చేసే పని కూడా చూస్తున్నాను. సైనిక వైద్యానికి పనికివచ్చే పరికరాల మీద జరిగిన ఒక ఆవిష్కరణల పోటీకి మా నుంచి అయిదుగురు విద్యార్థుల బృందం వెళ్లింది. వారిలో ముగ్గురు ఎలక్ట్రానిక్స్ వారు, ఇద్దరు మెకానికల్ వారు. వారు ఎంచుకున్నది చేతికో కాలికో తగిలిన గాయం నుంచి ధారగా పోతున్న రక్తాన్ని ఆపడానికి గాయానికి పైభాగాన బిగించే పట్టీ; వైద్యులు దాన్ని టూర్నికే అంటారు. తొలి నమూనాకూ చివరి నమూనాకూ మధ్య ఏడు నెలలు గడిచాయి, ఆ ఏడు నెలల్లో పరికరంలో చేర్చినవాటి కంటే తీసేసినవే ఎక్కువ. ఏది ఎందుకు తీసేశామో, ఎవరు తీసేయించారో రాసిపెట్టడమే ఈ కథనం ఉద్దేశం. పిల్లలను ఇలాంటి పోటీలకు తీసుకువెళ్లే తోటి అధ్యాపకులకు మాకు వచ్చిన బహుమతి కంటే మేము చేసిన పొరపాట్లే ఎక్కువ పనికివస్తాయని అనుకుంటున్నాను.

అంశం ఎంపిక, మొదటి స్లైడులోని తప్పు

ఈ తరం విద్యార్థులకు పోటీలు కొత్త కాదు. 2017లో మొదలైన స్మార్ట్ ఇండియా హ్యాకథాన్ తుది దశ సాఫ్ట్‌వేర్ విభాగానికి 36 గంటలు, హార్డ్‌వేర్ విభాగానికి అయిదు రోజులు నడుస్తుంది. రక్షణ రంగంలో కొత్త సంస్థలకు ఊతమిచ్చే ఐడెక్స్ 2018లో వచ్చింది. వీటి చుట్టూ తిరిగిన పిల్లలకు చొరవ, వేగం అలవడ్డాయి. వాటితో పాటే ఇంకొక అలవాటు కూడా అబ్బింది, ముందు సెన్సరు కొనుక్కుని తరువాత దానికి తగిన జబ్బు వెతకడం. మా బృందం కూడా మొదటి రోజు నా గదికి సెన్సర్ల పొట్లంతోనే వచ్చింది.

వారి మొదటి స్లైడులో పెద్ద అక్షరాలతో ఒక వాక్యం ఉంది: యుద్ధభూమిలో నివారించదగిన మరణాల్లో 90 శాతం రక్తస్రావం వల్లే, వాటిని మా పట్టీ ఆపుతుంది. ఇందులో మొదటి సగం నిజమే. 2001 నుంచి 2011 వరకు ఇరాక్, అఫ్గానిస్తాన్ యుద్ధాల్లో జరిగిన 4,596 అమెరికన్ సైనిక మరణాలను అక్కడి సైనిక వైద్యులు పరిశీలించి 2012లో ప్రకటించిన అధ్యయనం ప్రకారం, వారిలో దాదాపు 87 శాతం మంది శస్త్రచికిత్స వసతి ఉన్న చోటికి చేరకముందే చనిపోయారు. అలా చనిపోయినవారిలో బతికించే అవకాశం ఉన్నవారు సుమారు నాలుగో వంతు. ఆ నాలుగో వంతులో 90 శాతానికి పైగా రక్తస్రావంతో పోయినవారే. అయితే అదే అధ్యయనంలో తరువాతి వరుస చదివితే లెక్క తిరగబడుతుంది. ఆ రక్తస్రావాల్లో మూడింట రెండు వంతులు ఛాతీ, పొట్ట భాగాల్లోనివి, 19 శాతం గజ్జలు, చంకలు, మెడ దగ్గరివి, చేతులు, కాళ్లలోనివి 13.5 శాతం మాత్రమే. పట్టీ పనిచేసేది ఆ చివరి భాగం మీదే. ఆ భాగం అంత తక్కువగా ఉండటానికి ఒక కారణం ఆ యుద్ధాల్లో పట్టీలు విరివిగా వాడకంలోకి రావడమే.

ఈ సవరణ విని పిల్లల ముఖాలు వాడిపోయాయి. 90 ఉన్న చోట 13.5 రాయడం ఏ జట్టుకైనా కష్టమే. అందుకని బాగ్దాద్‌లోని సైనిక ఆసుపత్రి నుంచి 2009లో వచ్చిన మరో ఫలితం కూడా చూపించాను. రక్తం పోయి మనిషి షాక్‌లోకి, అంటే అవయవాలకు రక్తం చాలని స్థితిలోకి, జారకముందే పట్టీ బిగించినవారిలో 90 శాతం మంది బతికారు, జారిన తరువాత బిగించినవారిలో 10 శాతం మంది బతికారు. ఎంత తొందరగా, ఎంత సరిగ్గా కడతారన్నదే అసలు సమస్య అని ఆ రోజే బోర్డు మీద రాశాను. అయినా మేమంతా, నాతో సహా, ఆ మాటను మరిచిపోయి రెండు నెలలు వేరే దారిన పోయాము.

తొలి నమూనా

తొలి నమూనా చూడముచ్చటగా ఉండేది. స్కూలు బ్యాగులకు వాడే 38 మిల్లీమీటర్ల నైలాన్ బెల్టు, దాన్ని అంటించడానికి వెల్‌క్రో, త్రీడీ ప్రింటరులో తీసిన మెలి కర్ర, బెల్టు లోపలివైపు ఒత్తిడిని కొలిచే పలుచటి ఫిల్మ్ సెన్సరు, సెన్సరు అంకెలను చదివి బ్లూటూత్‌తో పంపే ఈఎస్‌పీ32 అనే చిన్న కంప్యూటరు బోర్డు, చేతిగడియారమంత తెర. బిగింపు చాలకపోతే ఎర్ర దీపం వెలుగుతుంది, చాలితే ఆకుపచ్చది వెలుగుతుంది. కట్టిన సమయం దానంతటదే నమోదై బ్లూటూత్ ద్వారా వైద్యుడి ఫోనుకు చేరుతుంది.

దీని పనితీరు మనవాళ్లకు కొత్తేమీ కాదు. గడ్డిబండి మీద మోకు వేసి, మోకులో కర్ర దూర్చి మెలితిప్పి బిగించడం ఈ ప్రాంతంలో చూడనివారు లేరు. లెక్క కూడా సులువే. పట్టీలోని లాగుడును పట్టీ వెడల్పుతో, అవయవం వ్యాసార్ధంతో భాగిస్తే చర్మం మీద పడే ఒత్తిడి వస్తుంది. 55 సెంటీమీటర్ల చుట్టుకొలత ఉన్న తొడ మీద 250 మిల్లీమీటర్ల పాదరసం ఒత్తిడి రావాలంటే మా బెల్టులో సుమారు 11 కిలోల లాగుడు ఉండాలి. 30 సెంటీమీటర్ల చేతికి 6 కిలోలు చాలు. వెడల్పు తగ్గితే పైన కనిపించే ఒత్తిడి పెరిగినా అది లోతుకు దిగదు. సన్నని తాడు చర్మాన్ని కోస్తుంది కానీ ఎముక పక్కనున్న ధమనిని మూయలేదు. వెడల్పాటి పట్టీ తక్కువ ఒత్తిడితోనే ఆ పని చేస్తుంది.

సెన్సరు మాత్రం మమ్మల్ని తిప్పలు పెట్టింది. బల్ల మీద చదునుగా ఉంచినప్పుడు బుద్ధిగా చెప్పిన అంకెను, చేతి చుట్టూ వంచగానే ఏ బరువూ లేకుండానే చెప్పడం మొదలుపెట్టింది. ఒకే బరువు పెట్టి పది నిమిషాలు వదిలేస్తే అంకె మెల్లగా పాకుతూ పోయేది. ఎలక్ట్రానిక్స్ విద్యార్థులు దాన్ని ప్రోగ్రాముతో సరిదిద్దడానికి మూడు వారాలు కూర్చున్నారు. నేను కూర్చోనిచ్చాను. ఆసుపత్రిలో ఉన్న రోజుల్లో అయితే అలాంటి భాగాన్ని మూడో రోజే పక్కన పెట్టేవాడిని. కళాశాలలో పిల్లల ఉత్సాహం మీద నీళ్లు చల్లకూడదన్న మొహమాటం అడ్డొచ్చింది.

హవల్దారు గారి మూడు ప్రశ్నలు

తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరం, మిలటరీ మాధవరంగా పేరుపడ్డ ఊరు. తరతరాలుగా దాదాపు ఇంటికొకరు సైన్యంలో పనిచేసిన ఆ ఊళ్లో మా సహోద్యోగి ఒకరికి బంధువులున్నారు. వారి ద్వారా సైన్యంలో నర్సింగ్ అసిస్టెంటుగా పదాతిదళంతో పాటు పనిచేసి హవల్దారుగా విరమించిన ఒక పెద్దాయన పరిచయమయ్యారు. ఒక ఆదివారం ఉదయం ఆయన మా ప్రయోగశాలకు వచ్చారు. పిల్లలు పట్టీని పరీక్ష బల్ల మీదున్న స్పాంజి చుట్టకు కట్టి చూపించారు. ఎర్ర దీపం వెలిగింది, మెలి తిప్పారు, ఆకుపచ్చది వెలిగింది. అందరం ఆయన ముఖంలోకి చూశాము.

"ఆయ్, బాగుందండీ మాస్టారూ" అని నాతో అని, జట్టు నాయకురాలి వైపు తిరిగి, "ఏమ్మా, ఈ ఎర్ర దీపం మనవాళ్లు చూడ్డానికా, అవతలివాళ్లు చూడ్డానికా?" అన్నారు.

ఎవరూ మాట్లాడలేదు. చీకట్లో సిగరెట్టు కొన కూడా ఎంత దూరానికి కనబడుతుందో ఆయన చెప్పారు. తరువాత బ్లూటూత్ గురించి అడిగారు. ముందు వరుసలో రేడియో తరంగాలు వెదజల్లే వస్తువేదైనా తన ఉనికిని తానే చాటుకుంటుందనీ, పైగా ఆ ఫోను పట్టుకుని ఎదురుచూసే వైద్యుడు గాయపడిన చోట ఉండడనీ ఆయన వివరించారు. మూడో ప్రశ్న చాలా మామూలుగా అడిగారు కానీ, మా పనినంతా మార్చింది అదే. "ఈ పట్టీ నా సంచిలో రెండేళ్లు విప్పకుండా పడుంటుందనుకోండి. విప్పిన రోజున పనిచేస్తదా?"

దానికి జవాబు మా డెల్టాలో ఎవరికైనా తెలుసు. రొయ్యల చెరువు గట్టు మీద, నీటికి గాలి పట్టించే ఏరియేటర్ల స్విచ్చుల పెట్టె మూత తీసి చూస్తే రాగి తీగల కొసలన్నీ పచ్చగా చిలుము పట్టి ఉంటాయి. నీటిలోని ప్రాణవాయువును కొలిచే మీటర్లను రైతులు గుడ్డలో చుట్టి బియ్యం డబ్బాలో దాచుకోవడం నేను చూశాను. మా నమూనాలోని బ్యాటరీ బిళ్ల అప్పటికి రెండు నెలలదే, అయినా దాని స్పర్శ తగిలే రేకు మీద అప్పుడే తెల్లటి పొర ఉంది. ఆయన వెళ్లాక ఆ రేకును గోటితో గీకి చూసిన, జట్టులోని రాజోలు అమ్మాయి, "సార్, ఇది తీసేద్దామండి" అంది. బోర్డు, తెర, దీపాలు, సెన్సరు అన్నీ ఆ సాయంత్రమే ఒక అట్టపెట్టెలోకి వెళ్లాయి. మూడు వారాలు ప్రోగ్రాము రాసిన అబ్బాయి రెండు రోజులు ప్రయోగశాలకు రాలేదు. వాడి కోపం న్యాయమైనదే. వాడిని అన్నాళ్లు దాని మీద కూర్చోబెట్టింది నేను.

ఆ రోజుల్లో క్లాసులో ఒక ఉదాహరణ చెప్పేవాడిని. అబ్దుల్ కలాం గారు హైదరాబాదులో క్షిపణుల పనిలో ఉన్నప్పుడు, నిమ్స్ ఆసుపత్రిలో పోలియో పిల్లలు మూడు కిలోలకు పైబడిన లోహపు క్యాలిపర్లు ఈడ్చుకుంటూ నడవడం చూసి, క్షిపణికి వాడే మిశ్రమ పదార్థంతో 300 గ్రాముల క్యాలిపర్లు చేయించారు. ఆ క్యాలిపరులో కొత్త పని ఏదీ చేరలేదు, బరువు పోయిందంతే.

కృత్రిమ కాలు

కొలత చెప్పే సెన్సరు పోయాక, పట్టీ పనిచేస్తోందో లేదో తెలుసుకోవడం ఎలా అన్న ప్రశ్న మిగిలింది. దీనికి జవాబు పట్టీ మీద కాకుండా పట్టీ కింద ఉండాలని నిర్ణయించుకుని ఒక కృత్రిమ కాలు చేశాము. ఎముకకు అంగుళం పీవీసీ గొట్టం, కండకు కుర్చీలకు వేసే గట్టి స్పాంజి, తోలుకు రెక్సిన్. ధమని కోసం మొదట చేపల తొట్టెల్లో గాలి పంపే సిలికాన్ గొట్టం వాడాము. అది ధమని కంటే మొండిది. ఎంత బిగించినా పూర్తిగా మూసుకోలేదు. సర్జికల్ షాపులో దొరికే పలుచటి లేటెక్స్ గొట్టం పెట్టాక సరిపోయింది.

రక్తపోటు కోసం పిల్లలు చిన్న మోటారు పంపు కొనబోయారు. మెకానికల్ చదివే పాలకొల్లు అబ్బాయి వద్దన్నాడు. పాదరసం నీటి కంటే 13.6 రెట్లు బరువైనది కనుక 120 మిల్లీమీటర్ల పాదరసం అంటే 1,632 మిల్లీమీటర్ల నీటి స్తంభమనీ, డబ్బాను మెట్ల మీద ఆ ఎత్తున పెడితే పంపు అక్కరలేదనీ గోడ మీద పెన్సిలుతో గీత గీసి చూపించాడు. ఏడు నెలల్లో నాకు ఎక్కువ సంతోషం కలిగించిన క్షణం అదే. రంగు కోసం కుంకుమ కలిపితే అది అడుగున పేరుకుని గొట్టం మూసుకుపోయింది. పట్టీ బిగించకుండానే రక్తం ఆగిందని ఒక పూట అందరూ సంబరపడ్డారు కూడా. తరువాత మిఠాయి రంగు వాడాము. ఈ కాలిలో నాడి కొట్టుకోదు, ఒత్తిడి నిలకడగా ఉంటుంది. ఆ మేరకు ఇది నిజమైన కాలికి దూరమేనని నివేదికలో రాశాము.

కాలు సిద్ధమయ్యాక ఎన్‌సీసీ క్యాడెట్లతో, క్యాంటీను పనివారితో కలిపి పన్నెండు మంది చేత పట్టీ కట్టించాము. అప్పుడు తెలిసింది, మెలి తిప్పడంలో ఎవరికీ ఇబ్బంది లేదు. ఇబ్బందంతా అంతకు ముందే. బెల్టును ముందుగా గట్టిగా లాగి వదులు తీయకుండానే ఎనిమిది మంది కర్ర అందుకున్నారు. వదులుగా ఉన్న బెల్టు మీద కర్ర తిప్పితే బెల్టు ముడతలు పడి ముద్దగా చుట్టుకుంటుంది తప్ప కాలిని నొక్కదు. వదులు సరిగ్గా తీస్తే కర్రను మూడు అర్ధచుట్లకు మించి తిప్పాల్సిన పని ఉండదని యుద్ధభూమి ప్రథమ చికిత్సలో శిక్షణ ఇచ్చేవారు చెబుతారు. మా పరీక్షల్లోనూ అదే కనబడింది. సెన్సరు పెట్టుకుని మేము మూడు వారాలు వెతికిన జవాబు మెలి దగ్గర లేదు, మొదటి లాగుడు దగ్గర ఉంది.

తెగే కుట్టు

మొదటి లాగుడు చాలిందని చేతికే తెలియాలి, కంటితో పని ఉండకూడదు. మొదట బెల్టులో ఒక మడత పెట్టి, మడత మీద ఎలాస్టిక్ కుట్టి, తగినంత లాగగానే మడత విచ్చుకుని పసుపు గుడ్డ కనబడేలా చేశాము. హవల్దారు గారి రెండేళ్ల ప్రశ్న ఎలాస్టిక్‌కు కూడా వర్తిస్తుందని ఆలస్యంగా తట్టింది. వేడికి, తేమకు రబ్బరు సాగుడు చచ్చిపోతుంది.

పరిష్కారం భీమవరంలో లారీ టార్పాలిన్లు కుట్టే దర్జీ దగ్గర దొరికింది. బెల్టు కొసలు కుట్టించడానికి వెళ్లిన పిల్లలు తమ బాధ చెప్పుకుంటే, ఆయన మిషను ఆపకుండానే, "ఒక్కసారి కట్టి పారేసేదానికి ఎలాస్టిక్ ఎందుకు బాబూ, తెగే కుట్టు వేస్తే పోలా?" అన్నారట. ఎత్తు మీద పనిచేసేవారి రక్షణ తాళ్లలో కుట్లు వరుసగా తెగుతూ కుదుపును మింగే ఏర్పాటు ఉంటుందని నాకు తెలుసు. దాన్ని ఇక్కడ వాడవచ్చని మాత్రం నాకు తట్టలేదు. మడతను పాలిస్టర్ దారంతో కొన్ని కుట్లు మాత్రమే వేసి మూశాము. తగినంత లాగుడు పడగానే కుట్లు పటపటమని తెగుతాయి, మడత విచ్చుకుంటుంది. ఆ తెగడం చేతి తొడుగులోంచి కూడా వేళ్లకు తెలుస్తుంది. ఎన్ని కుట్లకు ఎంత బరువు అన్నది చేపల మార్కెట్టులో వాడే కొక్కెం తక్కెడతో తేల్చాము. మా కృత్రిమ కాలి మీద ఏడు కిలోల దరిదాపుల లాగుడు తరువాత రెండు మూడు అర్ధచుట్లకే ధార ఆగింది. కుట్లు తెగడం అంటే రక్తం ఆగిందని అర్థం కాదు, ఇక కర్ర అందుకోవచ్చని మాత్రమే అర్థం. రక్తం ఆగిందనడానికి సాక్ష్యం గాయమే. ఈ రెంటి తేడాను సూచనల చీటీలో రాయడానికి పిల్లలు నాలుగు చిత్తుప్రతులు మార్చారు.

మిగతా భాగాల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. త్రీడీ ప్రింటరులో తీసిన కర్రను మే నెలలో ఒక మధ్యాహ్నం ఎండలో నిలిపిన నా కారు అద్దం దగ్గర మరిచిపోయాను. సాయంత్రానికి అది వంగి కొడవలిలా ఉంది. ఆ ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. ఏరియేటర్ల ఇరుసులు తిప్పే లేత్ షెడ్డులో అల్యూమినియం కర్ర చేయించాము. వెల్‌క్రోను నారుమడిలో పరీక్షించాము. ఒండ్రు మట్టి దాని ముళ్లలో జిగురులా కూరుకుని, కడిగినా పూర్తిగా వదలలేదు, పట్టు సగానికి సగం పోయింది. దాని స్థానంలో రాపిడితో పట్టుకునే బకిల్ వచ్చింది.

పాత ఆర్టీసీ టికెట్టు

పట్టీ ఎప్పుడు కట్టారో తెలియకపోతే ఆసుపత్రిలో శస్త్రవైద్యుడి చేతులు కట్టుబడిపోతాయి. రెండు గంటల లోపు విప్పితే అవయవానికి ముప్పు తక్కువ, ఆరు గంటలు దాటిన పట్టీని ఇష్టం వచ్చినట్టు విప్పకూడదు. అందుకే సమయం రాయమని పట్టీల మీద తెల్ల గుడ్డ ముక్క కుడతారు. రాయడానికి పెన్ను ఉండాలి, ఆ పెన్ను ఎండిపోకుండా ఉండాలి, చేతికి రక్తం అంటకుండా ఉండాలి.

రాజోలు అమ్మాయి తండ్రి ఒకప్పుడు బస్సు కండక్టరు. ఇంట్లో దాచిన పాత టికెట్లను తెచ్చి చూపిస్తూ, అంకెలన్నీ ముందే అచ్చువేసి ఉంటే కండక్టరు రాయడు, రంధ్రం పొడుస్తాడు అంతే కదా అంది. ఆ మాట మీద సమయం చీటీ తయారైంది. ఒక అంచున 24 గంటలు, రెండో అంచున పావుగంటలు. ప్రతి అంకె దగ్గరా చిన్న గాటు. కట్టిన గంట దగ్గర ఒకటి, పావుగంట దగ్గర ఒకటి, రెండు ముక్కలు పళ్లతోనైనా చింపితే సరి. చీకట్లో వేలితో తడిమి ఎన్నో గాటు చిరిగిందో లెక్కపెట్టవచ్చు. పదార్థంగా కాగితం, పలుచటి రేకు, లామినేషన్ షీటు అన్నీ విఫలమయ్యాక, ఆసుపత్రి పారేసిన పాత ఎక్స్‌రే ఫిల్ము వాడి చూశాము. గాటు లేని చోట దాన్ని చేత్తో చింపడం ఎవరి వల్లా కాదు, గాటు పెట్టిన చోట ఇట్టే చిరుగుతుంది. నీళ్లకు తడవదు.

రెండు అడ్డుకట్టలు

నాలుగో నెలలో హాస్టల్లో ఇద్దరు అబ్బాయిలు పట్టీని ఒకరి చేతికి ఒకరు బిగించుకుని ఎంతసేపు ఓర్చుకోగలరో పందెం వేసుకున్నారు. ఒకడికి మరుసటి మధ్యాహ్నం దాకా బొటనవేలు తిమ్మిరి వదలలేదు. నాడుల మీద అంత ఒత్తిడి పడితే నెలల తరబడి చెయ్యి పడిపోయే ప్రమాదం ఉంది. పని వారం రోజులు ఆపేశాను. మనుషుల మీద ఏ పరీక్షా నైతిక సమీక్షా సంఘం అనుమతి, వైద్యుడి పర్యవేక్షణ లేకుండా జరగదని అందరిచేతా సంతకం చేయించుకున్నాను. వైద్య పరికరాల నియమావళి 2017 నుంచి మన దగ్గర ఉంది. కళాశాల ప్రాజెక్టు కదా అని చర్మానికి, రక్తనాళాలకు మినహాయింపు దొరకదు.

రెండోది ఇంతకంటే ప్రమాదకరమైనది, మా పోస్టరు మీదే కూర్చుంది. పౌర ప్రయోజనాలు అన్న శీర్షిక కింద పిల్లలు రోడ్డు ప్రమాదాలు, వరికోత యంత్రాల గాయాలు రాసి, మూడోదిగా పాముకాటు చేర్చారు. డెల్టాలో పుట్టినవారికి అది సహజంగా తోచే ఆలోచన. వరిచేలల్లో కట్లపాము, రక్తపింజరి, నాగుపాము అందరికీ తెలుసు. కాటు పడగానే పైన తాడో తువ్వాలో బిగించి కట్టడం మన ఊళ్లలో పాత అలవాటు. కానీ పాముకాటుకు బిగింపు కట్టు వద్దనే మన దేశపు చికిత్సా మార్గదర్శకాలు చెబుతున్నాయి. అది విషాన్ని ఆపుతుందన్న భరోసా లేదు. రక్తపింజరి కాటుకు అసలే కుళ్లే అవయవానికి రక్తం కూడా అందకుండా పోతుంది, విప్పిన క్షణాన విషం ఒక్కసారిగా పాకే ముప్పూ ఉంది. కదలకుండా ఉంచి, విష విరుగుడు ఉన్న ఆసుపత్రికి చేర్చడమే మార్గం. ఆ వరుస కొట్టేయడమే కాక, సూచనల చీటీ వెనుక పాముకాటుకు వాడరాదు అని పెద్ద అక్షరాలతో అచ్చువేయించాను.

పోటీ

పోటీ విశాఖపట్నంలో జరిగింది. మాకు అటూ ఇటూ ఉన్న బల్లల మీద డ్రోన్లు, మోకాలికి తొడిగే మోటారు చట్రాలు, గాయాన్ని ఫొటో తీస్తే తీవ్రత చెప్పే ప్రోగ్రాములు ఉన్నాయి. మా బల్ల మీద ఒక బెల్టు, ఒక అల్యూమినియం కర్ర, ఒక చిల్లులు లేని టికెట్టు, ఎత్తైన స్టాండుకు వేలాడే ఎర్రనీళ్ల డబ్బా. మార్కుల పత్రంలో మార్కెట్టు అవకాశానికి ఒక పెద్ద వాటా ఉంది, వాడే మనిషిని ఎన్నిసార్లు కలిశారన్న దానికి గడి లేదు. నా దృష్టిలో ఆ ఒక్క గడి చేరిస్తే పోటీల్లో సగం నమూనాలు మారిపోతాయి.

న్యాయనిర్ణేతల్లో ఒక ఆచార్యుడు బల్ల ముందు నిలబడి, ఇందులో సాంకేతికత ఎక్కడుందని అడిగారు. ఆ ప్రశ్నకు మేము ఎదురుచూస్తూనే ఉన్నాము. జట్టు నాయకురాలు బల్ల కింద నుంచి అట్టపెట్టె తీసి తొలి నమూనాను పక్కన పెట్టింది. స్విచ్చు వేస్తే ఎర్ర దీపం వెలగలేదు. ఆరు నెలల తేమకు లోపల ఏదో తెగిపోయింది. అది మేము అనుకున్న ప్రదర్శన కాదు, నిజానికి దీపం వెలిగించి చూపించి హవల్దారు గారి ప్రశ్న చెప్పాలన్నది మా ఏర్పాటు. ఆమె ఒక్క క్షణం తడబడి, "ఇందుకే తీసేశామండి" అంది.

సైనిక వైద్యుడైన మరో న్యాయనిర్ణేత ఏమీ అడగలేదు. రబ్బరు తొడుగులు వేసుకుని, చేతులు సబ్బునీళ్లలో ముంచి, కళ్లు మూసుకుని పట్టీ కట్టారు. కుట్లు తెగిన చప్పుడు మాకు వినబడింది. ధార ఆగాక టికెట్టును పళ్లతో చింపి, ఒంటి చేత్తో తన చేతికే తాను కట్టుకునే వీలుందా అని చూశారు. బకిల్ దగ్గర బెల్టు అడ్డం తిరిగి ఇరుక్కుంది. "ఇది బాగుచెయ్యండి" అని మాత్రం చెప్పి వెళ్లారు. మూడో బహుమతి వచ్చింది. మొదటి బహుమతి ఫొటో తీసే ప్రోగ్రాముకు వెళ్లింది. దాని మీద నాకు ఫిర్యాదు లేదు, ఆ జట్టు పిల్లలు నిజంగా బాగా చేశారు.

తరువాత

బకిల్‌కు పక్కగోడలు కొంచెం పెంచి, నోటి అంచును గుండ్రం చేశాక ఒంటి చేతి సమస్య చాలావరకు తీరింది. ఎడమచేత్తో మాత్రం ఇంకా పదిసార్లలో ఒకటి రెండు సార్లు ఇరుక్కుంటోంది. కృత్రిమ కాలిని ఎన్‌సీసీ శిబిరాలకు శిక్షణ కోసం ఇస్తున్నాము. అక్కడ తెగే కుట్టు బదులు మళ్లీ మళ్లీ అతికే ముక్క వాడుతున్నాము. పట్టీని మాత్రం మనిషి ఒంటి మీద ఇంకా కట్టలేదు, నైతిక సమీక్షా సంఘం అనుమతి వచ్చేవరకు కట్టము.

రెండేళ్ల ప్రశ్న తేలలేదు. అందుకోసం ఇరవై నాలుగు పట్టీలను పొట్లాలు కట్టి కాళ్ల మండలంలో చెరువు గట్టు మీది మేత షెడ్డులో దూలానికి వేలాడదీశాము. నెలకొక పొట్లం విప్పి, కొక్కెం తక్కెడకు తగిలించి, కుట్టు ఎన్ని కిలోలకు తెగిందో పుస్తకంలో రాస్తున్నాము. జట్టులో ఇద్దరు చదువు ముగించుకుని వెళ్లిపోయారు, వారి స్థానంలో మూడో సంవత్సరం పిల్లలు వచ్చారు. ఇప్పటికి తొమ్మిది పొట్లాలు విప్పాము. వానాకాలంలో విప్పిన రెండింటిలో కుట్టు అరకిలో ముందే తెగింది, కారణం దారమా తక్కెడ తుప్పా అన్నది ఇంకా చూస్తున్నాము. పదో పొట్లం వచ్చే నెల మొదటి శనివారం విప్పాలి. ఈసారి తక్కెడ తానే పట్టుకుంటానని హవల్దారు గారు కబురు చేశారు.